ఒంటి మీదికొచ్చే బంతిని ఎలా చూడకూడదు

అంపైరింగు నేర్చుకోవాలని వచ్చే పిల్లలు నన్ను ముందు అడిగే ప్రశ్న, "సార్, మీకు ఎన్నేళ్ళ అనుభవం?" అని. ఇరవై ఎనిమిదేళ్ళు అని చెప్పేవాణ్ణి. అందులో మొదటి నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని చేశానని మాత్రం చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు రిటైరయ్యాను, ఇక నన్ను ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి చెబుతున్నాను. కళ్ళు మూసుకోవడం అంటే మాటవరసకు అంటున్నది కాదు. బంతి వచ్చేటప్పుడు నిజంగానే నా రెండు కళ్ళూ మూతబడేవి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నియమాలన్నీ పుస్తకంలో దొరుకుతాయి. పుస్తకంలో దొరకనివి నా తప్పులు. వాటికి కొదవ లేదు కాబట్టి అవే రాస్తున్నాను.

ఆట వచ్చిన వైనం

నేను హనుమకొండలో మగపిల్లల బడిలో డ్రిల్లు మాస్టర్ని. పందొమ్మిది వందల యాభైల చివర్లో ఉద్యోగంలో చేరాను. కబడ్డీ, వాలీబాల్, పొద్దున్నే లైన్లో నిలబెట్టి చేతులు పైకి కిందికి చేయించడం, అదే నా లోకం. అరవైల మొదట్లో హైదరాబాదులో సాఫ్ట్‌బాల్ అనే కొత్త ఆటకు రెండు వారాల శిక్షణ పెట్టారు. మా జిల్లా నుంచి ఎవరో ఒకరు పోవాలి. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఎవరికీ తీరిక లేదు. నా పెళ్ళి ముందే అయిపోయింది కాబట్టి నన్ను పంపారు.

అక్కడ ఆడటం బాగానే నేర్పారు. అంపైరింగు పాఠం మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉండేది. ఆ మెస్సులో పప్పు, నెయ్యి ధారాళంగా వేసేవారు. ఆ పాఠాల్లో నేను ఏం నేర్చుకున్నానో ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు. చివరి రోజు సర్టిఫికెట్టు, ఒక ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టారు. రైలు దిగేసరికి జిల్లాకంతటికీ సాఫ్ట్‌బాల్ అంపైరును నేనొక్కణ్ణే అయ్యాను.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. బంతిని చెయ్యి కిందినుంచి ఊపి విసరాలి. నేల మీద ఒక చిన్న తెల్లటి ప్లేటు ఉంటుంది. మాకు దాన్ని లారీ టైరు కోసి, సున్నం పూసి చేశారు. బ్యాటు పట్టిన పిల్ల దాని పక్కన నిలబడుతుంది. బంతి ప్లేటు మీదుగా, ఆ పిల్ల మోకాలికీ చంకకూ మధ్య ఎత్తులో వస్తే స్ట్రైకు, లేకపోతే బాలు. మూడు స్ట్రైకులైతే ఔటు, ముగ్గురు ఔటైతే ఆ జట్టు ఇన్నింగ్స్ అయిపోతుంది. నాలుగు బాళ్ళయితే బ్యాటు పట్టిన పిల్ల ఊరికే మొదటి బేసుకు నడిచి పోతుంది. బంతి ఒంటికి తగిలినా అంతే. మైదానంలో మూడు మూలల్లో మూడు బేసులుంటాయి, మూడూ చుట్టి మళ్ళీ ప్లేటు దగ్గరికి వస్తే ఒక పరుగు. ఇన్‌సైడ్ బంతి అంటే ఆడే పిల్ల ఒంటి వైపుగా వచ్చేది. ప్లేటు లోపలి అంచు మీదుగా వచ్చిందా, అంచు దాటి ఒంటి మీదికి వచ్చిందా అన్నదానికి తేడా ఒకటి రెండు వేళ్ళు. ఆ తేడా చెప్పడానికే, ప్లేటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచరు వెనుక అంపైరును పెడతారు. మా దగ్గర ఆ నిలబడ్డవాణ్ణి నేను.

మా మగపిల్లలు ఈ ఆటను రెండు రోజులు చూసి, "చెయ్యి కిందికేసి ఇసురుడు ఆడోళ్ళ ఆట సార్" అని వెళ్ళిపోయారు. ఆడపిల్లలకు ఆ బాధ లేదు. హనుమకొండలో బాలికల బడి వాళ్ళు, కాజీపేటలో రైల్వే కాలనీ పిల్లలు దీన్ని పట్టుకున్నారు. రెండు జట్ల మధ్య పోటీ మొదలైంది, అన్ని మ్యాచ్‌లకూ నేనే అంపైరు. బేసుల దగ్గర నిలబడే రెండో అంపైరు ఇస్మాయిల్ సాబ్. ఆయన కాజీపేటలో రైల్వే గార్డు. రైల్వే క్లబ్బులో ఏ ఆటకైనా ఈల ఊదేది ఆయనే. నా పుస్తకం తీసుకుపోయి చదివి ఇచ్చాడు. చెప్పాలంటే ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది ఆయనొక్కడే.

ఇక నా సంగతి. ముఖానికి ఇనుప తీగల మాస్కు ఉండేది. అయినా బంతి నా వైపు వస్తుంటే రెప్పలు పడిపోయేవి. మా ఆవిడకు ఈ సంగతి చెబితే ఆమెకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

"పోపు చిటపటమంటెనే వాకిట్లకు ఉరుకుతరు. బంతొస్తే కండ్లు తెరుస్తరా" అంది.

కళ్ళు మూసుకున్నవాడు తీర్పు ఎలా చెప్పేవాడని మీరు అడగవచ్చు. చాలా ధైర్యంగా చెప్పేవాణ్ణి. బయటి వైపు బంతి అయితే క్యాచరు చెయ్యి ఎటు చాచిందో చూసి చెప్పేవాణ్ణి. ఇన్‌సైడ్ బంతికి నా దగ్గర ఇంకా సులువైన పద్ధతి ఉండేది. బ్యాటు పట్టిన పిల్ల వెనక్కి ఎగిరితే బాలు, ఎగరకపోతే స్ట్రైకు. పిల్లలు అమాయకులు, అబద్ధానికి ఎగరరు అనుకున్నాను. బడిలో పనిచేసేవాడు ఆ మాట ఎలా నమ్మాడో నాకిప్పటికీ తెలియదు.

లంగాల తగాదా

కాజీపేట పిల్లలు మోకాళ్ళ దాకా గౌనులు వేసుకుని ఆడేవారు. హనుమకొండ పిల్లలు లంగా ఓణీలతో ఆడేవారు. బంతి బట్టకు తగిలినా ఒంటికి తగిలినట్టే అని పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్ళు ఆరు గజాల చుట్టు కొలత ఉన్న లంగాను చూసి ఉండరు.

ఒక మ్యాచ్‌లో ఇన్‌సైడ్ బంతి ఒకటి లంగా అంచును తాకింది, లేదా తాకినట్టు లంగా కదిలింది. నేను మొదటి బేసు ఇచ్చాను. తర్వాత వచ్చిన పిల్ల ఎడమ చేత్తో కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టుగా లంగాను ప్లేటు మీదికి పరిచి నిలబడింది. మళ్ళీ ఇచ్చాను. ఆ మధ్యాహ్నం బాలికల బడి పిల్లలు బ్యాటు ఊపడం మానేశారు. పెళ్ళి ఊరేగింపులా ఒకరి వెనుక ఒకరు బేసులన్నీ తిరిగి వచ్చారు. కాజీపేట పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. నేను పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టి అందరికీ చూపించాను. నియమం పాటిస్తున్నానన్న గర్వం కూడా ఉండేది నాకు.

ఇస్మాయిల్ సాబ్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "మాస్టర్ సాబ్, గీ ఆటకు బ్యాట్లెందుకు? రెండు లంగాలు కొనిస్తే మా పిల్లలు గూడ గెలుస్తరు."

సమస్య తీర్చింది నేను కాదు, బాలికల బడిలో కుట్టు టీచరు కనకమ్మ గారు. ఆ బడికి డ్రిల్లు టీచరు లేకపోవడంతో ఆటలు కూడా ఆమెకే అంటగట్టారు. ఆట నియమాలు ఆమెకు సగమే తెలుసు, బట్ట సంగతి పూర్తిగా తెలుసు. మరుసటి వారం ప్రతి పిల్లా లంగాను పక్కలకు మడిచి పిన్నీసులు పెట్టుకుని, ఓణీ కొంగు నడుముకు బిగించుకుని వచ్చింది. పిన్నీసు ఊడి బట్ట జారితే ఆ బట్టకు తగిలిన బంతి లెక్కలోకి రాదని రెండు బడులూ ఒప్పుకున్నాయి. ఏ పుస్తకంలోనూ లేని నియమం అది. మా ఊళ్ళో చాలా ఏళ్ళు నడిచింది.

అప్పుడు నేను అర్థం చేసుకోవలసిన విషయం ఒకటి ఉంది, కానీ చేసుకోలేదు. నేను బంతిని చూసి కాదు, బట్ట కదలడం చూసి తీర్పు చెబుతున్నాను. బట్టను పిన్నీసులతో ఆపారు, ఎగిరే పిల్లలను ఎవరు ఆపుతారు? కాజీపేట పిల్లలు నెల తిరక్కుండానే నన్ను చదివేశారు. ఇన్‌సైడ్ బంతి రావడం ఆలస్యం, "అమ్మో" అని వెనక్కి ఎగిరేవారు. నేను బాలు అనేవాణ్ణి. వెనకాల నన్ను 'బాల్ సార్' అనేవారని నాకు తెలుసు. ముద్దుగా పిలుస్తున్నారనుకున్నాను.

సుగుణ

హనుమకొండ చౌరస్తా దగ్గర నాగభూషణం గారికి కిరాణా దుకాణం ఉండేది. సుగుణ ఆయన కూతురు, బాలికల బడికి బంతి విసిరేది ఆ అమ్మాయే. అంత గురి ఎక్కడ నేర్చావమ్మా అని ఒకసారి అడిగాను.

"దుకాణంల సార్. నాయిన గద్దె మీదికెళ్ళి లేవడు. నేను ఎనుక అర్రలకెళ్ళి సబ్బులు, కొబ్బరికాయలు బస్తాల సందులకెళ్ళి ఇసురుత. పక్కకు పోతే నూనె డబ్బాకు తాకుతది, నాయిన తిడుతడు" అంది.

నూనె డబ్బా భయం ఏ శిక్షణకూ తీసిపోదు. ఆమె ఇన్‌సైడ్ బంతి ప్లేటు లోపలి అంచును గీసుకుంటూ పోయేది. మంచి కళ్ళున్న అంపైరు దొరికి ఉంటే ఆ బంతిని కొట్టడం మా జిల్లాలో ఎవరి తరమూ అయ్యేది కాదు. కానీ ఆమెకు దొరికింది నేను.

సుగుణకు డ్రిల్లు టీచరు కావాలని ఉండేది. జిల్లా జట్టులో ఆడిన సర్టిఫికెట్టు ఉంటే ట్రైనింగులో సీటుకు ఆసరా అవుతుందని కనకమ్మ గారు చెప్పారు. నాగభూషణం గారు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఈ ఏడు జిల్లా జట్టులో పేరు వస్తే ఆట, ఆ తర్వాత ట్రైనింగు. రాకపోతే ఆట బంద్, బడి అయిపోగానే దుకాణం. ఆ మాట సుగుణే నాకు చెప్పింది, దాచలేదు.

ఎంపిక కోసం రెండు జట్లకూ ఒక మ్యాచ్ పెట్టారు. ముగ్గురు పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చివరి ఇన్నింగ్స్, హనుమకొండ ఒక్క పరుగు ముందుంది. కాజీపేట పిల్లలు బ్యాటింగు. ఇద్దరు ఔటయ్యారు, మూడు బేసుల మీదా పిల్లలున్నారు. బ్యాటు పట్టిన పిల్లకు మూడు బాళ్ళు, రెండు స్ట్రైకులు అయ్యాయి. ఇంకొక్క స్ట్రైకుతో మ్యాచ్ అయిపోతుంది. బాలైతే ఆ పిల్ల మొదటి బేసుకు పోతుంది, మిగతావాళ్ళు ఒక్కో బేసు జరిగితే మూడో బేసు మీది పిల్ల ప్లేటుకు వస్తుంది, లెక్క సమానమవుతుంది.

సుగుణ చెయ్యి ఊపింది. ఇన్‌సైడ్ బంతి. కాజీపేట పిల్ల "అమ్మో" అని వెనక్కి ఎగిరింది. నా కళ్ళు ఎప్పటిలాగే మూసుకున్నాయి. తెరిచేసరికి బంతి క్యాచరు చేతిలో ఉంది, పిల్ల రెండడుగులు వెనక ఉంది.

"బాల్" అన్నాను.

సుగుణ అక్కడే నిలబడిపోయింది. ఆ తర్వాతి బంతి ఆమె చేతిలోంచి అదుపు తప్పి క్యాచరు తల మీదుగా పోయింది. ఇంకో పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది, కాజీపేట గెలిచింది. అందరూ చూసింది ఆ రెండో బంతినే. ముగ్గురు పెద్దల్లో ఒకాయన నన్ను పిలిచి, ఆ అమ్మాయికి బంతి అదుపులో ఉంటుందా అని అడిగాడు.

"జర లోపటికి పోతయ్ సార్" అన్నాను. నా తీర్పును కాపాడుకోవడానికి అన్న మాట అది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. జాబితా చదివినప్పుడు సుగుణ పేరు లేదు.

అందరూ సామాన్లు సర్దుకుంటుంటే సుగుణ నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు, ఏడవడం కూడా లేదు.

"సార్, ఆ బంతి సూసిండ్రా?"

"చూశాను" అన్నాను.

"సరే సార్" అని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి నా మాట నమ్మింది. తన చెయ్యే తప్పిందనుకుంది. అంపైరు తప్పు తీర్పు చెప్పడం మామూలే, ఎవరైనా చెబుతారు. చూడనిదాన్ని చూశానని పిల్లతో చెప్పడం వేరు. ఆ మాటకు నేను సిగ్గుపడినంతగా నా ఉద్యోగంలో ఇంకే మాటకూ సిగ్గుపడలేదు.

గార్డు సాబ్ చాయ్ తాగించాడు

ఇస్మాయిల్ సాబ్ నన్ను చౌరస్తా హోటల్లోకి తీసుకుపోయి చాయ్ చెప్పాడు. సగం తాగాక అన్నాడు.

"మాస్టర్ సాబ్, నేను రెండో బేస్ కాడ నిలబడ్డ. నాకు బంతి కనబడ్డది, మీరు గూడ కనబడ్డరు. బంతి వస్తాంటె మీ మొకం పక్కకు తిరిగింది. సిగ్నల్ సూడకుండ పచ్చజెండ ఊపిన గార్డును ఏం జేస్తరు?"

"సస్పెండు జేస్తరు" అన్నాను.

"మిమ్ములను ఎవ్వరు జెయ్యరు. ఎందుకంటె మీకు తప్ప ఎవ్వరికి ఈ ఆట రాదనుకుంటాండ్రు." ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "ఇంకొకటి. మీరు నిలబడే దిక్కే తప్పు. బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం ఏ దిక్కుంటె నేను ఆ దిక్కే నిలబడి సూస్త. ఎక్కుడు, దిగుడు, పడుడు అన్ని ఆడ్నే అయితయ్. మీరు బ్యాటుకు బయపడి అవతలి దిక్కుకు పోయిండ్రు. ఆడికెళ్ళి లోపటి బంతి కండ్లు తెరిస్తె గూడ కనబడది."

అది నిజం. క్యాచరుకు ఏ భుజం పక్కన నిలబడాలో పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు. ఆడే పిల్లకూ క్యాచరుకూ మధ్య సందులోంచి, క్యాచరు తల మీదుగా చూడాలి. నేను మాత్రం బ్యాటుకు దూరంగా ఉండే రెండో భుజం వెనక దాక్కునేవాణ్ణి. కొత్తవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. మీకు భయం ఏ వైపు వేస్తే ఆ వైపే నిలబడండి, చూడవలసింది అక్కడే ఉంటుంది.

చాయ్ పైసలు ఆయనే ఇచ్చాడు. ఏం చేయాలో నాకు తెలిసింది. చేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో రెండుసార్లు నాగభూషణం గారి దుకాణం దాకా పోయి, అక్కర్లేని జీలకర్ర కొనుక్కుని తిరిగొచ్చాను. మా ఆవిడ ఇంత జీలకర్ర ఎందుకని అడిగింది.

తూకం

మూడోసారి పోయినప్పుడు ఆయన చింతపండు తూస్తున్నాడు. సుగుణ వెనక గదిలో ఉంది.

"సేటు, మీతోని ఒక మాట జెప్పాలె" అన్నాను. "ఆ దినం మీ బిడ్డ ఏసిన బంతి నేను సూడలే. కండ్లు మూసుకున్న. సూసిన అని అబద్ధం జెప్పిన."

ఆయన తక్కెడ ముల్లు నిలబడేదాకా ఆగాడు. పొట్లం కట్టి, మనిషిని పంపించి, అప్పుడు నా వైపు చూశాడు.

"సారూ, నేను కండ్లు మూసుకొని తూకమేస్తె మీరు నా దుకాణంకు వస్తరా?"

"రాను."

"మరి మిమ్ములను ఆడికి ఎవరు రమ్మన్నరు?"

 వెనక గదిలో చప్పుడు ఆగిపోయింది. సుగుణ వింటోందని తెలుసు. ఆమె వినాలనే గట్టిగా చెప్పాను.

"పేరైతె ఇగ మార్వలేను. పేర్లు రాసుకున్న పెద్దమనిషికి పోయి చెప్పిన, జాబితా పైకి పంపినమన్నడు. ఇగ నేనైతె కండ్లు తెరుసుడు నేర్సుకోవాలె. అసొంటి బంతి ఏసేటోళ్ళు ఈ జిల్లల మీ బిడ్డ తప్ప లేరు. జర నాకు నేర్పమని అడుగనీకొచ్చిన."

నాగభూషణం గారు తూకం రాళ్ళు వరసగా సర్దాడు. మాటకు కట్టుబడే మనిషి. ఆట బంద్ అన్నాడు కాబట్టి బందే. చివరికి అన్నాడు, "నా బిడ్డను ఆడనియ్య. మీకు నేర్పుడు ఆట గాదు గద. ఆదివారం పొద్దుగాల, కనకమ్మ టీచర్ ఉండాలె. నేను గూడ వస్త."

వెనక గదిలోంచి ఒక సబ్బు వచ్చి ఆయన ఒళ్ళో పడింది. దాన్ని ఎవరూ అడగలేదు.

నా ట్రైనింగు

ముప్పై దాటిన డ్రిల్లు మాస్టర్ని, నాకు గురువు తొమ్మిదో తరగతి పిల్ల. మొదటి ఆదివారం పాతిక బంతులు వేసింది. పాతికకూ కళ్ళు మూశాను. క్యాచరు పిల్ల ప్రతిసారీ బంతి పడగానే తిరిగి చూసి, "మూసిండ్రు సార్" అని చెప్పేది. కనకమ్మ గారు చెట్టు నీడలో కూర్చుని కాజాలు కుడుతూ, ఇది కొత్తేమీ కాదన్నారు. కుట్టు మిషను మీద మొదటిసారి కూర్చున్న పిల్లలు సూది దిగినప్పుడల్లా కళ్ళు మూస్తారట. దారం లేకుండా, మెల్లగా తొక్కిస్తే నాలుగు రోజుల్లో పోతుందట. ఆమె గుడ్డపీలికలతో ఒక బంతి కట్టి ఇచ్చారు. సుగుణ దాన్ని మెల్లగా విసిరింది. గుడ్డబంతికి కూడా కళ్ళు మూసే మనిషిని అప్పుడే చూశానని తర్వాత చెప్పింది.

నాగభూషణం గారు సంచి పరుచుకుని కూర్చునేవాడు. మూడో ఆదివారానికి ఆయన నాకంటే ముందే చెప్పేవాడు. "లోపటికి రెండు వేళ్ళు." "గిది అంచు మీదనే." నేను పుస్తకం, మాస్కు, సర్టిఫికెట్టు పెట్టుకుని గుడ్లు మిటకరిస్తుంటే, ఆయన బీడీ వెలిగించుకుంటూ సరిగ్గా చెప్పేవాడు. జీవితమంతా తక్కెడ ముల్లును చూసినవాడి కన్ను అది.

ఐదో ఆదివారం అసలు బంతి ఒకటి క్యాచరును తప్పించుకుని నా భుజానికి తగిలింది. నొప్పి బాగానే చేసింది. కానీ అది నా దాకా రావడం మొత్తం చూశాను, కుట్లతో సహా. "తెరిసిండ్రు సార్" అని, బంతి కోసం వెనక్కి తిరిగిన క్యాచరు పిల్ల లేచి నిలబడింది. ఆ దెబ్బ తర్వాత భయం సగం పోయింది. తగిలితే ఇంతేనా అనిపించింది. మా ఆవిడ ఇంట్లో కాపడం పెడుతూ, పోపు వేసేటప్పుడు కూడా పక్కనే నిలబడమంది.

ఆ ఆదివారాల్లో నేర్చుకున్నది ఇది. తల కదలకూడదు. ఆడే పిల్లను చూడకూడదు, బంతినే చూడాలి. బంతి క్యాచరు చేతిలో పడ్డాక ఒక ఊపిరి ఆగి చెప్పాలి, తొందరపడితే నోరు కన్ను కంటే ముందు పోతుంది. ఎగరడం సాక్ష్యం కాదు. అరవడం సాక్ష్యం కాదు. చూడకపోతే చూడలేదని చెప్పాలి. ఈ చివరిది అన్నిటికంటే కష్టం, భుజం దెబ్బ దీని ముందు ఎంత.

మళ్ళీ

మరుసటి ఏడు ఎంపిక మ్యాచ్‌కు నెల ముందు నాగభూషణం గారు సుగుణను తానే గ్రౌండుకు తీసుకొచ్చాడు. మాట ఏమైందని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"పోయినేటి తూకం తప్పు. తప్పు తూకం మీద బేరం చెల్లది. మల్ల తూయాలె. ఈపారి గూడ పేరు రాకుంటె ఇగ నన్ను అడుగొద్దు."

నేను ఇస్మాయిల్ సాబ్‌ను క్యాచరు వెనక నిలబడమన్నాను, నేను బేసుల దగ్గర ఉంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "బండి ఏడ పట్టాలు దిగిందో ఆడ్నే ఎక్కియ్యాలె" అన్నాడు. కాజీపేట జట్టును చూసుకునే టీచరమ్మకు ఆదివారాల సంగతి దాచకుండా చెప్పాను. ఆమె నవ్వి, మీరు కళ్ళు తెరిస్తే మాకు అంతకంటే కావలసిందేముంది అంది. నాలుగేళ్ళు ఆమె కూడా చూసింది మరి.

మ్యాచ్ మొదట్లో కాజీపేట పిల్లలు ఎప్పటిలాగే ఎగిరారు. నేను స్ట్రైకు అన్నాను. రెండో పిల్ల కూడా ఎగిరింది, స్ట్రైకు అన్నాను. మూడో పిల్ల నా వైపు తిరిగి, మాస్కులోంచి నా కళ్ళను తొంగి చూసింది. ఆ తర్వాత ఎవరూ ఎగరలేదు.

ఐదో ఇన్నింగ్స్‌లో ఆ బంతి వచ్చింది. రెండు బేసుల మీద పిల్లలున్నారు, ఇద్దరు ఔటయ్యారు. బ్యాటు పట్టిన పిల్లకు మూడు బాళ్ళు, రెండు స్ట్రైకులు. సుగుణ ఇన్‌సైడ్ బంతి వేసింది. ఆ పిల్ల కదలకుండా నిలబడింది. బంతి క్యాచరు చేతిలో టప్పున పడింది. గ్రౌండంతా స్ట్రైకు అనుకుంది. ఫీల్డులో పిల్లలు లోపలికి రావడం మొదలుపెట్టారు. కనకమ్మ గారు లేచి నిలబడ్డారు. నాకైతే ప్లేటు అంచుకూ బంతికీ మధ్య సందు కనబడింది. బొటనవేలంత. స్ట్రైకు అంటే ఆ రోజు నన్ను ఎవరూ తప్పు పట్టేవారు కాదు. సుగుణకు నేను ఒక స్ట్రైకు బాకీ ఉన్నానని నాకు గుర్తుంది. ఒక ఊపిరి ఆగాను.

"బాల్" అన్నాను.

 సుగుణ బంతి తీసుకుని వెనక్కి తిరిగింది. మూడు బేసులూ నిండాయి. తర్వాతి పిల్లకు మూడు బంతులు వేసింది, మూడూ లోపలి అంచు మీదే. మూడూ స్ట్రైకులు. హనుమకొండ రెండు పరుగులతో గెలిచింది. జాబితా చదివితే సుగుణ పేరు మొదటే వచ్చింది.

నాగభూషణం గారు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నా బిడ్డ బంతిని బాల్ అన్నరు."

"అన్నాను."

"అంటె కడమవి నిజంగనే స్ట్రైకులన్నట్టు" అని, సంచి దులుపుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన ట్రైనింగు దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. సుగుణ రఘునాథపల్లిలో చాలా ఏళ్ళు డ్రిల్లు టీచరుగా పనిచేసింది. నాకంటే మంచి అంపైరు.

ఆ రోజు అందరూ సామాన్లు సర్దుకుంటుంటే, పోయినేడులాగే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఐదో ఇన్నింగ్సుల ఆ బంతి సూసిండ్రా?"

"చూశానమ్మా. బొటనవేలంత లోపలికి పోయింది."

"నాకు ఎర్కనే సార్" అంది. "మీకు ఎర్కనో లేదో అని అడిగిన."